పులికాట్, నేలపట్టు, తూపిలిపాళెం: రెండు రోజుల్లో ఏది నచ్చింది, ఎక్కడ డబ్బులు దండగ

ముందే చెప్పేస్తా. పులికాట్ సరస్సు చూడ్డానికి పోయేవాళ్ళు బైనాక్యులర్స్ లేకుండా పోవద్దు. ఫోన్ కెమెరాను నమ్ముకొని పోతే, నీళ్ళకు అవతలి అంచున ఎవరో సున్నంతో గీత గీసినట్టు ఒక తెల్లటి చార కనిపిస్తుంది, అదే రాజహంసల (ఫ్లెమింగోల) గుంపు, అంతే. పేపర్లో చూసిన గులాబీ రంగు ఏదని వెతుక్కుంటూ, టీ తాగి, వెనక్కి వచ్చేస్తారు. నాలుగేళ్ళ కిందట ఆఫీసు వాళ్ళతో పోయినప్పుడు నేను అచ్చం అట్లాగే వచ్చేశాను. "పక్షులా పాడా, ఉత్త ఎండ" అని ఊరంతా చెప్పాను కూడా.

ఈసారి మా పాపకు బళ్ళో పక్షుల మీద ప్రాజెక్టు ఇచ్చారు. నాలుగో తరగతి పిల్లకు ప్రాజెక్టంటే ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో అందరికీ తెలుసు. తోటి ఉద్యోగి దగ్గర బైనాక్యులర్స్ అరువు తెచ్చుకొని, శుక్రవారం సెలవు పెట్టి, సంక్రాంతి జనం తగ్గాక జనవరి ఆఖరులో బయల్దేరాం. మాది కావలి. నేను, మా ఆవిడ, పాప, అమ్మ, ఇంకా ఒంగోలు నుంచి మా బావ. బావ అంటే అక్క మొగుడు, కొత్తగా పెద్ద లెన్సున్న కెమెరా కొన్నాడు, దాన్ని మెడలో వేసుకోవడానికి ఏదో ఒక ఊరు కావాలి ఆయనకు.

తెల్లవారుజామున నాలుగున్నరకు కారెక్కాం. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట దాటి దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే నేలపట్టు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ వైపంతా తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా అమ్మకు ఇంకా ఇది నెల్లూరు జిల్లానే, ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోదు.

చాలామంది నేరుగా సూళ్ళూరుపేట పోయి, సరస్సు చూసి, టైముంటే నేలపట్టు చూద్దామనుకుంటారు. అది తలకిందుల లెక్క. పిల్లలతో పోయేవాళ్ళు ముందు నేలపట్టు చూడండి. అక్కడ పక్షులు దగ్గరగా ఉంటాయి, కళ్ళకు కనిపిస్తాయి, చెవులకు వినిపిస్తాయి, ముక్కుకూ తెలుస్తాయి. ఊరి చెరువు, చెరువు నీళ్ళల్లో మొలిచిన కడప అనే రకం చెట్లు, ఆ చెట్ల నెత్తిన గూళ్ళు. మొత్తం కలిపి నాలుగున్నర చదరపు కిలోమీటర్ల చోటు, 1976లో పక్షుల కేంద్రంగా ప్రకటించారు. గూడబాతులు, అంటే పెలికాన్లు, గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకొనే చోట్లలో దేశంలోనే పేరున్నది ఇది. అక్టోబరులో వానలు పడి చెరువు నిండడం చూసుకొని వస్తాయి, గూడు కట్టి, పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చాక మార్చి, ఏప్రిల్‌ల్లో లేచిపోతాయి. మేం పోయిన జనవరి ఆఖరు ఎందుకు మంచిదంటే, అప్పటికి పిల్లలు పుట్టి, ఆకలితో గోల చేస్తూ, ఇంకా ఎగరలేక చెట్ల మీదే ఉంటాయి.

గట్టు మీద నడుస్తూ ఉంటే అమ్మ హఠాత్తుగా ఆగిపోయింది. ఒక గూడబాతు పిల్ల తల్లి నోట్లో తల దూర్చేసింది, మెడ దాకా. తల్లి కింది ముక్కుకు ఒక సంచి వేలాడుతుంది కదా, అందులో తెచ్చిన చేపల్ని ఈ పిల్ల లోపలికి దూరి తింటుంది. "అయ్యో, మింగేస్తా ఉందా బిడ్డను?" అని అమ్మ కంగారు. పాప అప్పటికే పుస్తకంలో చదివేసింది కాబట్టి నాయనమ్మకు పెద్ద పంతులమ్మలా వివరించింది. ఈ పక్షి రెక్కలు చాపితే ఏడడుగులు దాటుతుంది, మన తల మీదుగా పోతే నీడ పడుతుంది, రెక్కల గాలి శబ్దం వినబడుతుంది. చెరువులో ఉన్న చేపలు వీటికి ఏ మూలకూ చాలవు, పులికాట్ దాకా పోయి మేత తెచ్చుకుంటాయి. అంటే ఇది కాపురం పెట్టిన ఇల్లు, అది కూలికి పోయే చేను. ఈ మాట మా ఆవిడది, నాకు నచ్చింది.

గూడబాతులే కాదు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు, స్వాతికొంగలు, అన్నీ ఒకే చెట్టు మీద వాటాలు వేసుకొని ఉంటాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, పాప ఆ బొమ్మ వేసుకుంది. చెరువు పక్కనే చిట్టడవి ఉంది. అందులో దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్) కూడా ఉంటుంది, కానీ అది రాత్రిపూట తిరిగే జీవి, పగలు పోయినవాళ్ళకు కనిపించదు. బావ మాత్రం ప్రతి పొదలోకీ లెన్సు పెట్టి చూశాడు.

ఊళ్ళో ఒక పెద్దాయన గట్టు మీద గేదెల్ని తోలుకుపోతూ మాతో కాసేపు నిలబడ్డాడు. పక్షుల రెట్ట చెరువు నీళ్ళలో కలిసి, ఆ నీళ్ళు పొలాలకు పారితే ఎరువు ఖర్చు తగ్గుతుందట. "ఇవి రాని ఏడు మాకూ వాన ఉండదు, పంటా ఉండదు సార్. మా తాతల కాడి నుంచి ఎవురూ రాయి ఇసరలా" అన్నాడు. అటవీ శాఖ బోర్డులు ఎన్ని పెట్టినా, ఊరివాళ్ళ ఆ నమ్మకమే ఈ చెరువును ఇన్నాళ్ళు కాపాడిందని నాకనిపిస్తుంది.

వాచ్ టవర్ ఎక్కితే చెరువు మొత్తం కనిపిస్తుంది, అమ్మ లాంటి మోకాళ్ళ నొప్పుల వాళ్ళు కింద గట్టు మీద ఉన్నా నష్టం లేదు. ప్రవేశ టికెట్ పెద్ద లెక్క కాదు. తిండి మాత్రం వెంట తీసుకుపోండి, మేం పులిహోర, పెరుగన్నం కట్టుకుపోయాం. ఎర్ర చొక్కాలు, మెరిసే చీరలు వద్దు. సెంటు సంగతి మీ ఇష్టం, ఆ వాసన ముందు ఏ సెంటూ నిలవదు. మూడు గంటలున్నాం, ఇంకో గంట ఉన్నా విసుగు పుట్టేది కాదు.

మధ్యాహ్నానికి సూళ్ళూరుపేట చేరాం. ఇక్కడ బస గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేం దెబ్బతిన్నది ఇక్కడే. బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జి, పేరెందుకులే, ఫోన్లో "ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్ళు సార్" అన్నాడు. పోయాక తెలిసింది, వేడినీళ్ళు ఉన్నాయి, కింద పొయ్యి మీద ఉన్నాయి, బకెట్‌తో మనమే రెండో అంతస్తుకు మోసుకోవాలి. గది పదహారు వందలు, అదనపు పరుపు నాలుగు వందలు, దుప్పటి మార్చమంటే "ఉతికిందే సార్" అన్న జవాబు. రాత్రంతా హైవే లారీల హారన్లు. ఏసీ ఉంది, రిమోట్ లేదు. రిమోట్ అడిగితే కుర్రాడు కుర్చీ వేసుకొని ఎక్కి స్విచ్ నొక్కి పోయాడు, పదహారు డిగ్రీల మీద ఆగిపోయింది, అర్ధరాత్రి చలికి వణుకుతూ మేమే కుర్చీ ఎక్కి ఆపుకున్నాం.

ఇంకోసారి పోతే ఏం చేస్తానంటే, ఖర్చుకు వెనకాడని వాళ్ళయితే తడ దాటాక శ్రీసిటీ వైపు కంపెనీల వాళ్ళ కోసం కట్టిన శుభ్రమైన హోటళ్ళు ఉన్నాయి, అక్కడ దిగొచ్చు, కానీ తెల్లవారుజామున సరస్సుకు రావాలంటే దూరం. కుటుంబంతో పోతే నాయుడుపేటలో దిగడం మేలు, హడావిడి తక్కువ. ఒక్కడినే పోతే మాత్రం లాడ్జి గొడవే పెట్టుకోను, ముందు రోజు రాత్రి నెల్లూరులో పడుకొని మూడున్నరకు లేచి కారెక్కేస్తాను. రైలు మీద పోయేవాళ్ళకు చెన్నై నుంచి లోకల్ రైళ్ళు సూళ్ళూరుపేట దాకా వస్తాయి, ఈ వైపు వాటి ఆఖరి స్టేషన్ అదే. అందుకే ఆ ఊళ్ళో సగం మాట అరవం. ఇడ్లీకి సాంబారు ముందు వస్తుంది, కారప్పొడి అడిగితే గానీ రాదు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో గదుల కోసం పోటీ పడాలి, తేదీ చూసుకొని పోండి.

తిండి విషయంలో సూళ్ళూరుపేట మీద ఏ ఫిర్యాదూ లేదు. మధ్యాహ్నం ఒక మామూలు మెస్సులో కూర్చుంటే ఆకులో అన్నం, పప్పు, రసం, పక్కన సరస్సు మడవ చేప పులుసు. మామిడికాయ కాలం కాదు కాబట్టి చింతపండు పులుపే, అయినా నెల్లూరు పులుసు నెల్లూరు పులుసే. పీతల ఇగురు రెండు ప్లేట్లు చెప్పాం. బావ పీత కాలు కొరకడంలో పెట్టిన ఏకాగ్రత పక్షుల మీద పెట్టి ఉంటే కనీసం నాలుగు ఫోటోలు సరిగ్గా వచ్చేవి. ఐదుగురం తిన్నా వెయ్యి రూపాయలు దాటలేదు. రాత్రి తిన్న కారం దోసె మాత్రం మా ఊరి దోసె ముందు నిలవదు, ఆ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

సాయంత్రం అమ్మ కోసం చెంగాళమ్మ గుడికి పోయాం. కాళంగి నది ఒడ్డున ఉంటుంది. ఈ గుడికి రాత్రీ పగలూ తలుపులు వెయ్యరు. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు వచ్చి ఇక్కడ పూజ చేయించుకొని పోవడం ప్రతిసారీ పేపర్లో చూస్తూనే ఉంటాం. మేం పోయినప్పుడు జనం లేరు, పావుగంటలో దర్శనం అయిపోయింది, అమ్మ ముఖంలో వెలుగు వచ్చింది. ఆమెకు ఆ రోజు గూడబాతులూ నచ్చాయి, అమ్మవారూ నచ్చింది, లాడ్జి మెట్లే నచ్చలేదు.

రెండో రోజు ఐదున్నరకల్లా శ్రీహరికోట రోడ్డు మీదున్నాం. నన్నడిగితే పులికాట్‌ను చూడాల్సిన పద్ధతి ఇదే, పైసా టికెట్ లేదు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌కు పోయే రోడ్డు సరస్సును అడ్డంగా కోసుకుంటూ పోతుంది, రెండు వైపులా నీళ్ళు, మధ్యలో మనం. చివర్లో చెక్‌పోస్టు, పాస్ లేనివాళ్ళను దాటనివ్వరు, అక్కడ నుంచి వెనక్కి తిరగాల్సిందే. ఆ గేటు అవతల అడవిలో దుప్పులూ నక్కలూ ఉన్నాయి, సముద్రపు ఒడ్డు ఉంది, అదేదీ మనకు దొరకదు. ఒకప్పుడు ఆ దీవిలో యానాదులు ఉండేవాళ్ళు, మద్రాసుకు వంటచెరుకు అక్కడ నుంచే పడవల్లో పోయేది. రాకెట్ కేంద్రం కోసం ఊళ్ళు ఖాళీ చేయించి, 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్ ఎగరేశారు. జనం తిరగని చోటు కావడంతో అడవికి కొంత మేలే జరిగింది, ఇళ్ళు పోయినవాళ్ళ సంగతి వేరే.

సరస్సు గురించి రెండు ముక్కలు. ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసిన ఇలాంటి సరస్సుల్లో దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో. పాతకాలం వాళ్ళు ప్రళయకావేరి అనేవాళ్ళు, ఆ పేరు నాకు పులికాట్ కంటే బాగుంటుంది. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదులు మంచినీళ్ళు తెచ్చిపోస్తే, ముఖద్వారాల గుండా పోటుకు సముద్రం ఉప్పునీళ్ళు పంపుతుంది. లోతు చాలా చోట్ల మోకాలు, నడుము, అంతే. రాజహంసలు ఇక్కడికి వచ్చేది కూడా అందుకే. నాలుగున్నర అడుగుల పక్షి, అందులో సగం కాళ్ళే, లోతు లేని నీళ్ళలో నిలబడి ముక్కును తలకిందులుగా ముంచి బురదనీళ్ళు వడగట్టుకుంటుంది. అందులో దొరికే నాచు, చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగుల వల్లే దానికి ఆ రంగు. వాన ఎక్కువై సరస్సు నిండుగా ఉన్న ఏడు ఇవి రోడ్డు దగ్గరకు రావు, లోతు తక్కువ ఉన్న చోటుకు పోతాయి. వాన బొత్తిగా లేని ఏడు నీళ్ళే ఉండవు. అందుకని "ఏ నెలలో పోవాలి" అని అడిగేవాళ్ళకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి అని చెప్పొచ్చు గానీ, పోయే ముందు సూళ్ళూరుపేటలో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి నీళ్ళు ఎంతున్నాయో కనుక్కోవడం అన్నిటికన్నా మేలు.

ఆ ఉదయం మాకు అదృష్టం కలిసొచ్చింది. అటకానితిప్ప దాటాక దక్షిణం వైపు, రోడ్డుకు ఒక రెండు వందల గజాల్లో, గుంపు మేస్తూ ఉంది. ఎదురుగా శ్రీహరికోట మీద ఎర్రగా సూర్యుడు లేస్తున్నాడు. బైనాక్యులర్స్‌లో మొదట చూసింది మా ఆవిడ, చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, పాప చెయ్యి లాగుతున్నా ఇవ్వలేదు. నా వంతు వచ్చినప్పుడు చూస్తే, నాలుగేళ్ళ కిందట నేను సున్నం గీత అనుకున్న దానిలో ఒక్కొక్కటీ విడివిడిగా కదులుతున్నాయి. తెల్లటి ఒళ్ళు, లేత గులాబీ కాళ్ళు, ముక్కు కొసన నలుపు, ఒకటి రెక్క విప్పితే లోపల కుంకుమ రంగు. వాటి మధ్య కొన్ని బూడిద రంగువి, అవి ఆ ఏటివో ముందేటివో పిల్లలు. ఇవి గుడ్లు పెట్టేది ఇక్కడ కాదు, గుజరాత్‌లో కచ్ రణ్ లాంటి చోట్ల, ఇక్కడికి మేతకు వస్తాయి. కాస్త అవతల సూదితోక బాతులు, సన్నటి ఎర్ర కాళ్ళ పిట్టలు, ఎర్రకాళ్ళ కొంగలు. గరుడ పక్షి ఒకటి పైన తిరిగితే చిన్నవన్నీ ఒక్కసారి సర్దుకున్నాయి.

బావకు అది చాలలేదు. ఇంకో యాభై గజాలు ముందుకు పోతే ఫ్రేము నిండుతుందని, చెప్పులతో సరస్సులోకి దిగాడు. పైన ఉప్పు పేరుకొని గట్టిగా కనిపిస్తుంది, కింద అంతా నల్లటి అడుసు. పది అడుగులు వేశాడో లేదో మోకాలి దాకా దిగబడిపోయాడు. కెమెరా రెండు చేతులతో నెత్తిన పెట్టుకొని "రేయ్, చెయ్యి ఇవ్వరా" అని కేక. అటుగా పోతున్న బైకు అబ్బాయిలు ఇద్దరు తాటిమట్ట అందించి లాగారు. ఒక చెప్పు సరస్సుకే సమర్పణం. "అడుసు తొక్కనేల కాలు కడగనేల" అని మా అమ్మ అల్లుడి ముందు అనలేక, కారులో నా చెవిలో అంది. ఎండాకాలం ఉత్తరం వైపు ఎండిపోయినప్పుడు కార్లు దించి ఇరుక్కుపోయేవాళ్ళు కూడా ఉంటారట, ఆ అబ్బాయిలే చెప్పారు, దించవద్దు.

ఎనిమిదిన్నర, తొమ్మిది దాటిందంటే ఇక చూపు ఆనదు. నీళ్ళ మీద ఎండ పడి గాలి అల్లల్లాడుతుంది, ఎంత మంచి బైనాక్యులర్స్ అయినా పక్షి కరిగిపోయినట్టు కనిపిస్తుంది. నీడకు ఒక్క చెట్టు లేదు, ఆడవాళ్ళకు సౌకర్యం కావాలంటే ఊళ్ళోకే రావాలి. ఆరు నుంచి తొమ్మిది, లేదంటే సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యలో పోయి తిట్టుకోవద్దు, నేను పోయినసారి పన్నెండింటికి పోయాను.

ఇక్కడ దాకా అంతా బాగానే జరిగింది. తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

టీ కొట్టు దగ్గర ఒకతను పరిచయమయ్యాడు. "రోడ్డు మీద నుంచి ఏం చూస్తారు సార్, పడవలో పక్షుల మధ్యలోకే తీసుకుపోతా, రెండు వేలు" అన్నాడు. బావ కళ్ళు మెరిశాయి. పదిహేను వందలకు బేరమాడాను, బేరం కుదిరిందని గర్వపడ్డాను కూడా. ఒక చిన్న రేవు నుంచి ఇంజిన్ పడవ. లైఫ్ జాకెట్లు మా ఐదుగురికి మూడున్నాయి, అందులో ఒకదానికి కట్టు లేదు. అమ్మ ఒడ్డునే ఉంటానంది, తెలివైన పని. అరగంట పోయాక ఒక గుంపు కనిపించింది. దగ్గరవుతుంటే పక్షులు మేత ఆపి, మెడలు ఎత్తి, ఒకే వైపు నడవడం మొదలుపెట్టాయి. నేను ఇక చాలు అందామనుకుంటూ ఉండగానే అతను ఇంజిన్ పెంచి, తెడ్డుతో నీళ్ళ మీద చాచి కొట్టాడు. గుంపంతా లేచింది. నీళ్ళ మీద టపటపా పరుగెత్తి, ఒళ్ళు బరువుతో మెల్లగా గాల్లోకి లేచి, ఆకాశం అంతా నలుపూ ఎరుపూ కలిసిన రెక్కలు. "తియ్యండి సార్, ఫోటో తియ్యండి" అని అతని కేకలు. బావ టకటకా నొక్కాడు. మాటకు అది అద్భుతమైన దృశ్యమే, కాదనను.

పాప నా వైపు చూసి, "నాన్నా, అవి అన్నం తింటుంటే మనం లేపేశాం కదా" అంది.

ఎవరం మాట్లాడలేదు. వెనక్కి వచ్చేటప్పుడు పడవ వాణ్ణి తిట్టాలని నోటి దాకా వచ్చింది, కానీ పదిహేను వందలిచ్చి ఆ పని చేయించింది నేనే. చాలా దూరం ఎగరాల్సిన ఒళ్ళు అది, ఊరికే లేపిన ప్రతిసారీ తిన్నది కాస్తా ఖర్చయిపోతుంది. బావ తీసిన ఫోటోల్లో అవే బాగా వచ్చాయి, అవే ఇప్పుడు కుటుంబం గ్రూపులో తిరుగుతున్నాయి, పాప మాత్రం ప్రాజెక్టులో వాటిని పెట్టుకోలేదు.

పడవ సరదా ఉన్నవాళ్ళు తడ దగ్గర భీములవారిపాళెం పోండి, బీవీ పాళెం అంటారు. పోయినసారి ఆఫీసు వాళ్ళతో అక్కడే ఎక్కాను. అక్కడ నుంచి ఇరకం దీవికి పడవలు పోతాయి, దీవిలో ఊరుంది, జనం రోజూ అట్లా వచ్చిపోతూ ఉంటారు. నీళ్ళ మీద పోతూ వలలు వేసేవాళ్ళను, బకింగ్‌హాం కాలువను చూసుకుంటూ వెళ్ళడమే దాని సరదా, పక్షుల్ని తరమాల్సిన పని లేదు. జాకెట్ ఉందో లేదో, దాని కట్టు ఉందో లేదో చూసుకొనే ఎక్కండి.

ఫ్లెమింగో ఫెస్టివల్‌కు పోదామా అని చాలామంది అడుగుతారు. 2001 నుంచి సూళ్ళూరుపేటలో చేస్తున్న పండగ, మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ మూడు రోజులు చేశారు. స్టాళ్ళు, పాటలు, డాన్సులు, మినిస్టర్లు, పిల్లలకు బస్సులు, తిరునాళ్ళ సరదా అంతా ఉంటుంది. సరదా కావాలంటే అప్పుడు పోండి. పక్షులే కావాలంటే పండగ అయిపోయిన పది రోజులకు, వారం మధ్యలో పోండి. రాకెట్ చూసే గ్యాలరీకి కూడా ఇదే మాట. 2019లో జనం కోసం తెరిచారు, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, అది ఒక రోజు పని. ప్రయోగం రోజున ఆ రోడ్డు మీద ట్రాఫిక్, పోలీసులు, ఇక పక్షులెక్కడ.

పదకొండింటికి లాడ్జి ఖాళీ చేసి (అదనపు పరుపు డబ్బుల దగ్గర చిన్న వాదన, వదిలేశాను) నాయుడుపేట మీదుగా వాకాడు వైపు తిరిగాం. దారిలో మల్లాం సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడి, చోళుల కాలం నాటిది, మూసే వేళకు పోయాం, బయట నుంచే దణ్ణం. అక్కడ నుంచి తూపిలిపాళెం బీచ్.

నిజం చెప్పాలంటే ఈ చోటు మీద నాకు ఆశేమీ లేదు, మైపాడు చూసి చూసి సముద్రమంటే మొక్కజొన్న కంకులూ ప్లాస్టిక్ గ్లాసులూ అనే లెక్క పడిపోయింది. ఇక్కడ మాత్రం సరుగుడు తోటలు దాటాక ఇసుక దిబ్బలు వస్తాయి. ఎక్కితే కాలు జారుతూ పోయేంత మెత్తటి ఇసుక, పైన మొగలి పొదలు, కింద ఊదారంగు పూల తీగ నేలంతా అల్లుకొని, దిబ్బకు అవతల ఉన్నట్టుండి సముద్రం. పాప దిబ్బ మీద నుంచి ఏడుసార్లు దొర్లింది. ఈ ఇసుకలో కాస్త తవ్వితే మంచినీళ్ళు ఊరుతాయి, ఆ గుంటల్నే దొరువులంటారు. పక్కనే ఉన్న రాయదొరువు ఊరి పేరు కూడా అట్లాంటిదే అయ్యుండాలి. పులికాట్‌కు ఉత్తరం వైపు ముఖద్వారం ఉండేది ఆ రాయదొరువు దగ్గరే. ఇసుక మేటలు వేసి అది పూడుకుపోతే సముద్రపు నీళ్ళు సరస్సులోకి రావు, చేపా రొయ్యా రాదు. పూడిక తియ్యమని ఈ పాళేల వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని సరస్సు ఎట్లా ఉందని అడిగితే, "నోరు మూసేస్తే మనిషి బతుకుతాడా అబ్బయా, అదీ అంతే" అన్నాడు. సునామీ నాడు ఈ దిబ్బలు లేకపోతే ఇంకా లోపలికి వచ్చేసేదని కూడా ఆయనే చెప్పాడు.

ఆ మాట విని తిరిగొస్తూ కోట, చిల్లకూరు వైపు చూస్తే మనసు ఒకలాగా అయింది. ఆ మండలాల్లో తెల్లటి సిలికా ఇసుక ఉంది, గాజు చెయ్యడానికి పనికొచ్చేది, తవ్వి లారీలకెత్తుతారు. దారి పొడుగునా టార్పాలిన్ కప్పిన లారీలు ఎదురొచ్చాయి. మా కారు అద్దం కూడా ఎక్కడో ఇట్లాంటి ఇసుకే కదా అని బావ అన్నాడు, నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

తూపిలిపాళెంలో దిగడానికి మంచి హోటలేదీ మా కంటపడలేదు, ఉండాలనుకుంటే గూడూరులో ఉండి పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయాలి. అలలు లాగేస్తాయి, ఒడ్డున తడుపుకోవడం తప్ప ఈత ఆలోచన వద్దు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఒకటి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉంది, పాపకు కనిపించకుండా అటు నడిపించింది మా ఆవిడ.

చీకటి పడే వేళకు గూడూరు. మార్కెట్ దగ్గర ఆగి అమ్మ ఊరగాయకని నిమ్మకాయలు ఒక చిన్న మూట కొనింది, నెల్లూరులో మలై కాజా పాకెట్లు రెండు కట్టించుకున్నాం. పెట్రోలు కాకుండా మొత్తం ఖర్చు ఏడు వేల పైచిలుకు, అందులో రెండు వేలు లాడ్జికి, పదిహేను వందలు ఆ పడవకు, ఇంకో రెండు వందలు బావ కొత్త చెప్పులకు.

పాప ప్రాజెక్టులో ఇరవై రెండు పక్షులు రాసుకుంది. రెండింటికి పేరు తెలియలేదు, "ఫిబ్రవరిలో మళ్ళీ పోయి చూసి రాస్తాం" అని టీచరుకు చెప్పేసిందట. అందుకని ఆ బైనాక్యులర్స్ ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి, ఆఫీసులో అతను అడిగినప్పుడల్లా రేపు తెస్తానంటున్నాను.